నలభై ఒక్క మూటలు

కళ్ళజోళ్ళ షాపు, వెనక గది
సోమవారం, భోజనాల వేళ

ఆడపడుచుకి,

ఉత్తరం చూసి ఉలిక్కిపడకు. ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు. కావడానికి ఇంట్లో ఇంకెవరూ లేరు కూడా. నేనొక్కదాన్నే, బాగానే ఉన్నాను.

ఫోన్ చేసి చెప్పాల్సిన విషయమే. కానీ ఆరేళ్ళుగా మా నంబరు కనిపిస్తే నువ్వు ఫోన్ తీయవు. తీసినా ఇద్దరం ఏడుస్తాం, లేదంటే అరుచుకుంటాం, పని మాత్రం జరగదు. కాగితమైతే మధ్యలో కట్ చేయలేవు కదా అని రాస్తున్నాను.

మీ అన్నయ్య పోయి ఎనిమిది నెలలైంది. ఆయన ఫోటోలన్నీ ఫోన్లో కాకుండా ఒక కంపెనీ వాళ్ళ దగ్గర దాచేవారు. లిఫ్టులు బాగుచేసే మనిషికి అన్ని ఫోటోలెందుకని నేను వేళాకోళం చేసేదాన్ని. ఇప్పుడు ఆ కంపెనీ ఫోటోలు దాచే పనే మానేస్తోందట. వచ్చే నెలాఖరులోగా ఎవరి ఫోటోలు వాళ్ళు డౌన్‌లోడ్ చేసుకోవాలి, ఆ తర్వాత అన్నీ చెరిపేస్తామని ఆయన పేరు మీదే నోటీసు పంపారు. “ప్రియమైన వినియోగదారుడా” అని.

లోపలికి వెళ్ళడానికి పాస్‌వర్డు దొరికింది, డైరీ అట్ట లోపల రాసుకున్నారు. అది కొడితే సరిపోలేదు. ఆరంకెల కోడ్ ఒకటి ఫోనుకి పంపామంది. ఏ ఫోనుకో తెలియడానికి చివరి రెండంకెలు చూపించింది. ఆయనది కాదు, నాది కాదు. నీది.

గుర్తుందా? మీరు ఆ ఏడో అంతస్తులో ఉన్నప్పుడు మీ అన్నయ్య మన ముగ్గురి ఫోన్లూ ముందేసుకుని కూర్చుని అన్నిట్లోనూ ఒకటే అకౌంటు పెట్టారు. “మీ ఇద్దరికీ పాస్‌వర్డులు గుర్తుండవు. ముగ్గురికీ ఒకటే తాళముంటే నాకు పీడా పోతుంది” అన్నారు. మనలో నంబరు మార్చని మనిషివి నువ్వే కాబట్టి నీ నంబరిచ్చారు. ఆ తర్వాత ఎన్ని జరిగినా దాన్ని తీయలేదు.

ఆ కోడ్ పది నిమిషాల్లో చచ్చిపోతుందట. ఉత్తరానికి నాలుగు రోజులు. కాబట్టి ఒక్కసారికి ఫోన్ తప్పదు. వచ్చే ఆదివారం కాక ఆ పై ఆదివారం పొద్దున పదకొండింటికి షాపు కంప్యూటర్ ముందు కూర్చుంటాను. నీకు కోడ్ రాగానే కింద రాసిన షాపు నంబరుకి చేసి, అంకెలు చెప్పి పెట్టేయ్. ఇంకేం మాట్లాడక్కర్లేదు.

ఇంకొకటి. ఆయన ముఖం సరిగ్గా కనిపించే ఫోటో నా దగ్గర లేదు. పెళ్ళి ఆల్బమ్ ఇరవై రెండేళ్ళ కిందటిది, అందులో ఉన్న బక్కమనిషి ఎవరో నాకే తెలియదు. కంపెనీ కార్డు మీద ఉన్నది దొంగతనంలో దొరికిపోయిన ముఖం. నాకు కావలసింది ఇంట్లో తిరిగిన మనిషి ముఖం. నీ దగ్గర ఏమైనా ఉన్నాయా?

వదిన


ఆసుపత్రి, బట్టల గది
శుక్రవారం

వదినగారికి,

ఉత్తరం అందింది. ఆ ఆదివారం నాకు డ్యూటీ ఉంది. దుప్పట్లు మడతపెడుతూ ఫోన్ పక్కనే పెట్టుకుంటాను. కోడ్ వస్తే చెప్తాను.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మా ఆయన ఒక గోడౌన్ గేటు దగ్గర పనిచేస్తున్నారు. పొద్దున వెళ్ళి సాయంత్రం వస్తారు. వచ్చే లారీల నంబర్లు రాసుకోవడం పని.

అన్నయ్య పోయిన రోజు నేను వచ్చాను. గేటు దగ్గర నిలబడి వెళ్ళిపోయాను. మీరు చూశారో లేదో తెలియదు. లోపలికి రావడానికి నాకు ముఖం చెల్లలేదు.

అన్నయ్య నా నంబరు ఎందుకు తీయలేదు?

ఆడపడుచు


కళ్ళజోళ్ళ షాపు, వెనక గది
గురువారం

ఆడపడుచుకి,

ఒక నిమిషం పన్నెండు సెకన్లు మాట్లాడావు. నేను చూశాను. ఆరంకెలు చెప్పావు, మళ్ళీ చెప్పమంటే మళ్ళీ చెప్పావు. నీ వెనకాల బట్టలుతికే మెషీన్ల మోత వినిపించింది. ఇంతలో పెట్టేశావు. నేను ఏదో అడగబోయాను, ఏమిటో ఇప్పుడు గుర్తులేదు.

లోపలికి వెళ్ళాను. పద్నాలుగు వేల మూడు వందల చిల్లర ఫోటోలు. ఒక్కొక్కటే నొక్కి తెచ్చుకుంటే నా ఉద్యోగ విరమణ దాకా సరిపోతుంది. అన్నీ ఒకేసారి కావాలంటే కంపెనీ వాళ్ళే మూటలు కట్టి ఇస్తారట. కట్టమని నొక్కాను. రెండు రోజులకి నలభై ఒక్క మూటలు తయారన్నారు. ఒక్కోటి దిగడానికి షాపు ఇంటర్నెట్లో గంటన్నర పడుతోంది. తొంభై ఎనిమిది శాతం దాకా వచ్చి ఆగితే మళ్ళీ మొదటికే. మా షాపు డాక్టరు మంచివాడు, ఏమీ అనడు. రిపోర్టులు నెమ్మదిగా వస్తున్నాయని నా వైపు చూసి దగ్గుతాడు, అంతే.

నేను అటు లెన్సులు అరగదీస్తూ ఇటు ఆ పచ్చగీత ఎంత పాకిందో చూస్తున్నాను. రెండు పనులకీ కళ్ళే కావాలి. ఇంటికెళ్ళేసరికి వంట చేసుకునే ఓపిక కూడా ఉండటం లేదు.

ఎదురుగా కంప్యూటర్లు రిపేరు చేసే అమ్మాయి ఒక డిస్కు తెచ్చిచ్చింది. “ఆంటీ, ఒక్కచోటే దాచితే దాచనట్టే. రెండు కాపీలు చేసి రెండు ఇళ్ళల్లో పెట్టుకోండి” అంది. రెండో ఇల్లు ఎవరిదని అడిగింది. నీది చెప్పాను.

ఇంక ఆ ఫోటోలు. తీగలు, చక్రాలు, నూనె కారిన చోట్లు, గోడ మీద పెన్సిల్ గీతలు. పని మొదలెట్టే ముందు ఒకటి, అయ్యాక ఒకటి. లిఫ్టుల్లో అద్దాలుంటాయి కదా, ఆ అద్దాల్లో ఆయనే ఉన్నారు. యూనిఫాం ఉంది, భుజాన సంచీ ఉంది, ఫోన్ మాత్రం సరిగ్గా ముఖానికి అడ్డం. ఇలాంటివి అరవై దాకా చూసి కంప్యూటర్ మీద చెయ్యి విసిరాను. కాస్త పక్కకి పట్టుకుంటే ఆయన సొమ్మేం పోయింది?

నా ఫోటోలు మాత్రం కుప్పలు. నేను నిద్రపోతున్నవీ, పళ్ళు తోముకుంటున్నవీ, అలిగి కూర్చున్నవీ. మన పాత ప్రయాణాలవీ ఉన్నాయి. పార్కు బెంచీ మీద నువ్వూ నేనూ ఉన్నది ఉంది. మన మధ్య ఆయన ఇరుక్కుని కూర్చున్నది కూడా ఉండాలి, దారినపోయే ఎవరినో బెంచీ ముందు నిలబెట్టి తీయించాం. అది లేదు. ఆయన ముఖం ఉన్నవి ఏవీ లేవు. ఏరి తీసేసినట్టు.

నీకేమైనా తెలుసా?

వదిన


ఆసుపత్రి క్యాంటీన్
బుధవారం

వదినకి,

రెండు ఉత్తరాలు మొదలెట్టి చింపేశాను. ఇది మూడోది.

ఫోటోల సంగతి నాకేం తెలుసు వదినా. ఆ కంపెనీలు ఏం చేస్తాయో, ఎక్కడ పారేస్తాయో ఎవరికి ఎరుక. ఆ ఫోన్ కూడా నేను ఎప్పుడో మార్చేశాను.

మీరు అడిగారు కాబట్టి నేనూ ఒకటి అడుగుతాను. ఆ లిఫ్టు తాడు ఫోటోలు అందులో ఉన్నాయా?

ఆరేళ్ళయినా నాకు నిన్న జరిగినట్టే ఉంది. మా ఆయన ఆ బిల్డింగుకి మేనేజరు. ఆ ఏడో అంతస్తు ఇల్లు ఉద్యోగంతో వచ్చింది. అన్నయ్య ఒకరోజు సంచీ తగిలించుకుని వచ్చాడు, లిఫ్టు చూశాడు, తాళం వేశాడు, తాడు ఫోటోలు పైవాళ్ళకి పంపేశాడు. మేనేజరు తెలిసీ పట్టించుకోలేదని తేల్చారు. నెల తిరక్కుండా ఉద్యోగమూ పోయింది, ఇల్లూ పోయింది. లిఫ్టుకి తాళం కదా, మంచాలూ బీరువా ఏడంతస్తులూ మెట్ల మీదుగా దించాం. అన్నయ్య చెయ్యి వేద్దామని వచ్చాడు. నేను ముఖం మీదే తలుపేశాను. మీకు చెప్పే ఉంటాడు.

తోడబుట్టినవాడు ముందుగా ఒక్కమాట నా చెవిన వేస్తే ఏం పోయేది? ఒక్కమాట. “ఇలా రాయబోతున్నానే” అని. అదే నాకు మింగుడుపడదు. మా ఆయన్ని అందరి ముందూ దోషిని చేసి నిలబెట్టాడు.

ఆ ఫోటోలు నేనెప్పుడూ చూడలేదు. చూపిస్తానన్నా చూడలేదు. ఉంటే పంపండి. అంత కొంప మునిగేది అందులో ఏముందో ఇప్పుడు చూస్తాను.

మీరు వేళకి తినండి. ఓపిక లేదని మానేయకండి.

మీ ఆడపడుచు


ఇంటి వంటగది
ఆదివారం మధ్యాహ్నం

ఆడపడుచుకి,

తల ప్రాణం తోకకి వచ్చింది. ఆ మూటలు వారం రోజులే ఉంటాయట. ఆ ముక్క ఎక్కడో చీమ తలకాయంత అక్షరాల్లో రాశారు. ఇరవై ఆరు దిగాక ఇరవై ఏడోది నొక్కితే గడువు ముగిసిందంది. మళ్ళీ కట్టమన్నాను. ఈసారి కట్టిన మూటలు వేరేగా సర్దుకున్నాయి, పాత ఇరవై ఆరుకీ కొత్తవాటికీ పొంతన లేదు. మళ్ళీ ఒకటి నుంచి. ఈసారి కట్టినవి మాత్రం మూసేసేదాకా ఉంచుతారట. మూసేయడానికి ఇంకా పద్దెనిమిది రోజులుంది.

ఇంకో తమాషా విను. దిగిన ఫోటోలన్నిటికీ దిగిన రోజే తేదీ పడింది. ఫోటోలున్న పదకొండేళ్ళ కాపురం మొత్తం మొన్న బుధవారం జరిగినట్టు చూపిస్తోంది. రిపేరు అమ్మాయి, అసలు తేదీలు పక్కనే చిన్న ఫైళ్ళలో ఉన్నాయి, కలిపిస్తానంది. కలపనీ. నాకు తేదీలతో పని లేదు.

తాడు ఫోటోలు దొరికాయి. ఇరవై మూడు ఉన్నాయి. ఇప్పటిదాకా దిగినవాటితో పాటు నీ డిస్కులో వేసి పంపుతున్నాను, అవి మాత్రం వేరే ఫోల్డరులో ఉంటాయి. నాకు తాళ్ళ గురించి తెలియదు. నువ్వే చూసుకో.

ముందుగా ఒక్కమాట ఎందుకు చెప్పలేదని అడిగావు. నేనూ ఆయన్ని అదే అడిగాను. తాళం వేసి వచ్చిన రోజు కంచం ముందు కూర్చుని చెయ్యి కడిగేసుకున్నారు. “చెప్తే బావ నా చేతులు పట్టుకుంటాడు. అది ఏడుస్తుంది. నేను కరిగిపోతాను. నేను కరిగితే ఆ లిఫ్టు రేపు కూడా నడుస్తుంది” అన్నారు. ఈ మాట నీకు చెప్పమని ఎన్నిసార్లన్నానో. మీ ఇంటి దాకా వచ్చి చెప్పకుండానే తిరిగొచ్చేవారు. పంతంలో మీరిద్దరూ ఒక తల్లి పిల్లలే.

నేను అడిగినదానికి నువ్వు సరైన జవాబు రాయలేదు. రెండుసార్లు అడిగాను.

వదిన


ఆసుపత్రి, బట్టల గది
శనివారం

వదినా,

డిస్కు అందింది. ఇక్కడ దుప్పట్ల లెక్క రాసే కంప్యూటర్ ఒకటుంది. సూపర్‌వైజరమ్మ టీకి వెళ్ళినప్పుడు పెట్టి చూశాను.

తాడంటే ఒకటే అనుకున్నాను. నాలుగున్నాయి. మూడింటికి పోగులు తెగి ముళ్ళలా పైకి లేచాయి. ఎంత తెగిందో తెలియడానికి అన్నయ్య పక్కన బొటనవేలు పెట్టి తీశాడు. నేను ఆ గోరు చూస్తూ కూర్చున్నాను. మధ్యలో చీలిన గోరు, చిన్నప్పుడు తలుపు సందులో పడిన వేలు.

తొమ్మిదో ఫోటోలో తాడుకి ఒక గుడ్డ చుట్టి ఉంది. పదోదాంట్లో ఆ గుడ్డ విప్పి కింద ఉన్నది చూపించాడు. ఆ గుడ్డ మా టవలు వదినా. పసుపు అంచు ఉన్నది. నూనె తుడవడానికి పాతది ఒకటి ఇవ్వమని మా ఆయన అడిగితే నేనే ఇచ్చాను.

మా ఆయన్ని అడిగాను. కొత్త తాళ్ళకి రాసి పంపానని, అవి వచ్చేదాకా ఎవరైనా చూసి కంగారుపడతారని చుట్టానని చెప్పారు. ఎప్పుడు చుట్టారంటే నాలుగు నెలల ముందట. ఆ నాలుగు నెలలూ నేను రోజుకి నాలుగుసార్లు ఆ లిఫ్టు ఎక్కాను. ఆయన మాత్రం మోకాళ్ళకి మంచిదని మెట్లెక్కేవారు. అప్పుడు నవ్వాను కూడా. ఈ మాట అన్నయ్యకి తెలుసో లేదో. తెలిసినా నాతో చెప్పేవాడు కాదు.

ఇంక దాచలేను. ఫోటోలు నేనే తీసేశాను.

సామాను దించిన మర్నాడు, కొత్త ఇంట్లో ఇంకా మూటలు విప్పకుండానే, నేల మీద కూర్చుని అన్నయ్య ముఖం ఉన్నదల్లా తీసేశాను. నా ఫోన్లోంచే పోతాయనుకున్నాను. ముగ్గురికీ ఒకటే తాళమని మీ మొదటి ఉత్తరంలో చదివాక గానీ నాకు తట్టలేదు. మీరు రెండోసారి అడిగినప్పుడు అబద్ధం రాశాను. మీవి కూడా పోతాయని తెలిస్తే మానేసేదాన్నని రాయాలనుంది. అది కూడా అబద్ధమేనేమో. అంత మండిపోయాను ఆ రోజు.

నాలుగు వందల పన్నెండు. చివర్లో ఆ అంకె చూపించి నిజంగా తీసేయమంటావా అని అడిగింది. అవునన్నాను.

మీరేమన్నా పడతాను.

మీ ఆడపడుచు


కళ్ళజోళ్ళ షాపు, వెనక గది
బుధవారం

పిచ్చుకా,

మీ అన్నయ్య నిన్ను అలా పిలిచేవారు కాబట్టి ఈ ఒక్క ఉత్తరానికి నేనూ అలా పిలుస్తున్నాను. ఇందులో రాసేది ఆయన రాయాల్సింది.

నాకు తెలుసు. మొదటి ఉత్తరం రాసేటప్పటికే తెలుసు. ఫోటోలున్నాయా అని తెలిసే అడిగాను. నువ్వే నోరు విప్పి చెప్తావని ఎనిమిది నెలలు చూశాను. నా అంతట నేను నిన్ను దొంగా అనడానికి ఓపిక లేకపోయింది.

నువ్వు తీసేస్తున్న రోజు మేమిద్దరం ఇంట్లోనే ఉన్నాం. ఆయన ఫోన్ చూస్తూ, “ఇదిగో, పోతున్నాయి” అన్నారు. నాకు అర్థం కాలేదు. చూపించారు. మేం చూస్తుండగానే ఒక్కోటి మాయమవుతోంది. బెంచీ మీద కూర్చున్నది నా కళ్ళముందే పోయింది. “అది తీసేస్తోంది. తీయనీ. కోపం దిగుతుంది” అన్నారు.

తీసేసినవి వెంటనే పోవు. ఒక చెత్తబుట్టలో అరవై రోజులుంటాయి. ఆ లోపు ఎవరు తిరిగి పెట్టినా వచ్చేస్తాయి. ఒక్క నొక్కు. నేను పెట్టేయమన్నాను. “నేను పెడితే మళ్ళీ తీసేస్తుంది. దానంతట అది పెడితే ఇంక తీయదు. పెడుతుంది చూడు” అన్నారు.

రోజూ పొద్దున బూట్లు వేసుకునే ముందు ఆ బుట్ట తెరిచి చూసేవారు. ఇంకా ఎన్ని రోజులుందో ఫోటో మీద చూపిస్తుంది. నలభై రోజులుంది అనేవారు. పదిహేను రోజులుంది అనేవారు. నాలుగు రోజులుందన్నప్పుడు నేను ఆయన చేతిలోంచి ఫోన్ లాక్కోబోయాను. ఇవ్వలేదు. ఆఖరి రోజు బుట్ట తెరవకుండా బూట్లు వేసుకుని వెళ్ళిపోయారు. సాయంత్రం వచ్చి టీ అడిగారు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఆ తర్వాత తన ఫోటో తీయనివ్వలేదు. నేను ఫోన్ ఎత్తితే లాక్కుని నన్నే తీసేవారు.

నా ఫోన్లోనూ అదే అకౌంటు ఉంది. నేనైనా ఆయనకి తెలియకుండా ఒక్క నొక్కు నొక్కి ఉండొచ్చు. ఫోటోలే కదా, మనిషి ఎదురుగా ఉన్నాడు కదా అనుకున్నాను. అందుకే నిన్నొక్కదాన్నే అనడానికి నాకు నోరు రావడం లేదు.

అయినా అంటాను. నాకు మీ ఇద్దరి మీదా ఒళ్ళు మండిపోతోంది. నువ్వు తీసేశావు, ఆయన చూస్తూ ఊరుకున్నారు. అన్నాచెల్లెళ్ళు పంతాలాడుకుని నా మొగుడి ముఖం లేకుండా చేశారు. పొద్దున లేచి గుర్తు తెచ్చుకుందామంటే ముక్కు వస్తే కళ్ళు రావు, కళ్ళు వస్తే ముక్కు రాదు. నలభై ఒక్క మూటల్లో ముప్పై దిగాయి. అన్నిట్లోనూ ఉన్నది నేనే. నన్ను నేనేం చేసుకోను?

నువ్వు ఎందుకు తిరిగి పెట్టలేదు? అరవై రోజుల్లో ఒక్కరోజైనా నీకు అనిపించలేదా?

వదిన


ఇంటి నుంచి
సోమవారం

వదినా,

అనిపించింది. పదో రోజో పన్నెండో రోజో అనిపించింది. కానీ అలాంటి బుట్ట ఒకటుందని నాకు తెలియదు. తెలిసినా చేయగలిగింది లేదు. నాలుగు వందల పన్నెండూ తీసేశాక, అదే కూర్చున్న పళాన ఆ అకౌంటుని కూడా నా ఫోన్లోంచి పీకేశాను. అన్నయ్య పెట్టింది ఏదీ నాకొద్దని. నేను పెడతానని అన్నయ్య రోజూ చూసిన అరవై రోజులూ నా దగ్గర అసలు అకౌంటే లేదు.

ఇది రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది. డ్యూటీకి వెళ్ళలేదు. ఒంట్లో బాగోలేదని చెప్పాను, అది నిజమే.

వదినా, నాకు ఒక సంగతి తట్టింది. కోపం రాకపోతే చదవండి. అన్నీ ఒకేసారి గుత్తగా తీసేయడం నాకు చేతకాలేదు ఆ రోజు. ఒక్కొక్కటే తెరిచి, చూసి, తిట్టుకుని తీసేశాను. మధ్యాహ్నం మొదలెడితే చీకటి పడేదాకా పట్టింది. అందుకే అవి నాకు గుర్తున్నాయి. మామూలుగా ఫోటోలు ఎవరూ అలా చూడరు. నేను చూశాను. గుర్తొచ్చినవి గుర్తొచ్చినట్టు రాస్తున్నాను. వద్దంటే మానేస్తాను.

ఒకటి. మీ వంటగది గుమ్మంలో అన్నయ్య. మీరు చేసిచ్చిన కళ్ళజోడు అదే మొదటిసారి పెట్టుకున్నాడు. గోధుమరంగు ఫ్రేము. ఎడమ చెవి మీద పుల్ల కాస్త పైకి లేచి ఉంది, అందుకని జోడు మొత్తం కుడివైపు వాలింది. అలా వాలిందని తెలియక చాలా దర్జాగా నిలబడ్డాడు. పెదవులు బిగబట్టాడు గానీ చెంపలు నవ్వుతున్నాయి.

రెండు. రైలు పెట్టెలో, పై బెర్తు నుంచి తల కిందికి వేలాడేసి చూస్తున్నాడు. జుట్టంతా కిందికి. నుదుటి మీద మడతలు మూడు, మధ్యది తెగి ఉంటుంది.

మూడు. మా ఇంట్లో నేల మీద పడుకుని నిద్ర. నోరు తెరిచి. కింది వరసలో ఒక పన్ను మీద ఇంకోటి ఎక్కి ఉంటుంది కదా, అది కనిపిస్తోంది. పక్కన మీ చెయ్యి ఉంది, ఈగని తోలుతున్నట్టు.

నాలుగు. నాకు ఫోన్ నేర్పిస్తున్నాడు. విసుగు ముఖం. కనుబొమలు దగ్గరికి వచ్చేశాయి. కుడి కనుబొమలో తెల్లవెంట్రుక ఒకటి పొడుగ్గా ముందుకి వచ్చింది. మీరు దాన్ని పీకబోతే ఒప్పుకోలేదు.

అయిదు. వానలో తడిసి గుమ్మంలో. గడ్డం గీసుకుని రెండు రోజులైంది. గడ్డం కింద, మెడ వైపు, వెంట్రుకలు మొలవని చోటు రూపాయి బిళ్ళంత.

ఆరు. ఆ బెంచీది. మీరు నవ్వుతున్నారు, నేను కళ్ళు మూసేశాను. అన్నయ్య కెమెరా వైపు చూడలేదు. మీ వైపు చూస్తున్నాడు.

పిచ్చుక


కళ్ళజోళ్ళ షాపు, వెనక గది
నెలాఖరు

పిచ్చుకా,

నిన్నటితో అన్నీ దిగాయి. ముప్పై ఏడో మూట మాత్రం తెరుచుకోలేదు. రిపేరు అమ్మాయి చేతులెత్తేసింది. మళ్ళీ అడగడానికి వ్యవధి లేదు. అందులో ఏమున్నాయో తెలియదు, తీగలే అయ్యుంటాయి. మిగతావన్నీ నీ కోసం ఇంకో డిస్కులోకి కూడా ఎక్కించాను, రేపు పోస్టులో వేస్తాను. ఇవాళ సాయంత్రం అయిదింటికి ఆ కంపెనీ పేజీ తెరిచి చూస్తే ధన్యవాదాలని ఉంది, అంతే.

నీ ఉత్తరం షాపులోనే చదివాను. ఇంటిదాకా ఆగలేకపోయాను.

ఆ ఎడమ పుల్ల నేను సరిగ్గా వంచలేదు. తొందరలో బిగించి ఇచ్చేశాను. తర్వాత సరిచేస్తాను ఇవ్వండంటే బాగానే ఉంది, ఉండనీ అనేవారు. అలా వాలిన జోడుతోనే ఆయన నాలుగేళ్ళు తిరిగారు, నేను రోజూ చూశాను, ఎలా మర్చిపోయానో మర్చిపోయాను. అది చదవగానే ముందు ఆ పుల్ల వచ్చింది. పుల్ల కింద చెవి వచ్చింది. చెవి పక్కన చెంప, ఆ చెంప మీద గీత, అలా ఒకదాని వెంట ఒకటి వచ్చి ఆయన మొత్తం వచ్చి నిలబడ్డారు. లెన్సు మెషీను ఆపేసి ఏడ్చాను. డాక్టరు తలుపు దాకా వచ్చి, దగ్గకుండా వెళ్ళిపోయాడు.

మూడోదాంట్లో ఆ చెయ్యి నాది కాదు, మీ అత్తగారిది. ఆ చేతికున్న గాజులు నాకు లేవు. నాలుగోదాంట్లో తెల్లవెంట్రుక కుడి కనుబొమలో కాదు, ఎడమది. ఇంకోసారి ఆలోచించి చూడు.

నిన్ను క్షమించానని ఇందులో ఎక్కడా రాయలేదు, వెతకకు. ఆయన్ని కూడా క్షమించలేదు. ఇంకా నాలుగు వందల ఆరు ఉన్నాయి. రాయి.

వదిన